టింపనోగ్రామ్‌లో ఒకసారి ‘సీ’, మూడు వారాలకే ‘ఏ’: యూస్టేషియన్ ట్యూబ్ సమస్య ఉన్నట్టా, లేనట్టా?

చెవిలోజోరీగ | సోమవారం, ఉదయం 7:12

అందరికీ నమస్కారం. నాలుగు నెలలుగా ఎడమ చెవి దిబ్బడ వేసినట్టు ఉంటోంది. నొప్పి లేదు, చీము లేదు, కళ్ళు తిరగడం లేదు. వినికిడి కూడా బాగానే ఉంది. కానీ మాట్లాడితే నా గొంతు నాకే గంగాళంలోంచి వచ్చినట్టు మోగుతుంది. మీటింగ్‌లో ఐదు నిమిషాలు మాట్లాడేసరికి ప్రాణం విసిగిపోతుంది. ముక్కు ఒకసారి గట్టిగా ఎగబీలిస్తే చెవి టప్పుమని మూసుకుని కాసేపు హాయిగా ఉంటుంది. మళ్ళీ మామూలే.

రిపోర్టుల్లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మొదటి టెస్టు (టింపనోమెట్రీ, అంటే చెవి రంధ్రంలో గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి కదలికని కొలిచేది; ఆ గ్రాఫే టింపనోగ్రామ్). కుడి చెవి టైప్ ఏ, ప్రెషర్ మైనస్ 10 డెకాపాస్కల్స్ (గాలి ఒత్తిడి కొలత), కంప్లయన్స్ (కర్ణభేరి ఎంత సులువుగా కదులుతుందో) 0.7 మి.లీ., కెనాల్ వాల్యూమ్ (చెవి రంధ్రంలో గాలి పరిమాణం) 1.2 మి.లీ. ఎడమ చెవి టైప్ సీ, ప్రెషర్ మైనస్ 185, కంప్లయన్స్ 0.6, వాల్యూమ్ 1.3.

‘యూస్టేషియన్ ట్యూబ్ (కర్ణభేరి వెనక ఉండే మధ్యచెవిని ముక్కు వెనక భాగంతో కలిపే సన్న గొట్టం) సరిగ్గా తెరుచుకోవట్లేదు’ అని ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, ముక్కుదిబ్బడ తగ్గించే మాత్రలు ఇచ్చారు. తగ్గలేదు సరికదా, ఇంకా ఎక్కువైంది. మూడు వారాల తర్వాత వేరేచోట చేయిస్తే ఎడమ చెవి కూడా టైప్ ఏ, మైనస్ 30! ‘ట్యూబ్ బాగానే ఉందండీ, టెన్షన్ వల్ల అలా అనిపిస్తోంది’ అన్నారు. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) రెండుసార్లూ నార్మలే.

ఒకే చెవి, ఒకే టెస్టు, రెండు జవాబులు. దేన్ని నమ్మాలి?

మబ్బుల్లోమనిషి | సోమవారం, ఉదయం 8:40

రెండూ నమ్మకండి :) ఉద్యోగరీత్యా నెలకు ఆరేడుసార్లు విమానం ఎక్కుతాను. దిగేటప్పుడు చెవిలో మేకు దిగినట్టు ఉంటుంది, రెండు రోజుల దాకా వదలదు. టింపనోమెట్రీ నాలుగుసార్లు చేయించాను. నాలుగుసార్లూ ‘ఏ’. ‘మీకేం లేదు’ అని పంపేశారు. ఆ గ్రాఫు తీసుకెళ్ళి చెవికి చూపిస్తే నొప్పి మానేస్తుందా?

తర్కంగురూ | సోమవారం, ఉదయం 9:05

నాకు చెవి సమస్య లేదు కానీ కుతూహలం ఉంది. ట్యూబ్ ముక్కు వెనకాల తెరుచుకుంటుంది. ఈ పరికరం పెట్టేది చెవి రంధ్రంలో. మధ్యలో కర్ణభేరి గోడలా అడ్డం ఉంది. మరి ట్యూబ్ గురించి అది ఎలా చెబుతుంది?

శ్రుతిలయ | సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను ఆడియాలజిస్ట్‌ని. భోజన విరామంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

తర్కంగురూ గారు అడగాల్సిందే అడిగారు. టింపనోమెట్రీ ట్యూబ్‌ని చూడదు. కర్ణభేరిని చూసి, దాని వెనక గాలి ఎలా ఉందో ఊహిస్తుంది. చెవిలో పెట్టే రబ్బరు కొన ఉన్న ప్రోబ్‌లో మూడు సన్న దారులుంటాయి. ఒకదాంట్లోంచి 226 హెర్ట్జ్ శబ్దం వెళ్తుంది. మీకు వినపడే సన్నటి ‘హుమ్’ అదే. రెండోదానికి మైకు ఉంటుంది, వెనక్కొచ్చిన శబ్దాన్ని కొలుస్తుంది. మూడోది పంపు. చెవి రంధ్రంలో గాలి ఒత్తిడిని ప్లస్ 200 దగ్గర మొదలుపెట్టి మైనస్ 400 వైపు తగ్గిస్తూ పోతుంది. ఒత్తిడి ఎటు ఎక్కువగా ఉన్నా కర్ణభేరి డోలు చర్మంలా బిగుసుకుని శబ్దాన్ని తిప్పికొడుతుంది. రెండు వైపులా ఒత్తిడి సమానమైన క్షణంలో మాత్రం వదులై, శబ్దాన్ని లోపలికి పోనిస్తుంది. గ్రాఫులో కొండ శిఖరం వచ్చేది అక్కడే. మైనస్ 185 దగ్గర శిఖరం వచ్చిందంటే, మధ్యచెవిలో గాలి బయటికంటే దాదాపు అంత తక్కువ ఒత్తిడిలో ఉందని అర్థం. అంటే సూది గుచ్చకుండానే గోడ అవతలి ఒత్తిడి తెలిసిపోతుంది. ఇన్నేళ్ళు చేసినా నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఏ, బీ, సీ పేర్లు 1970లో జేమ్స్ జెర్గర్ పెట్టినవి. పెద్దవాళ్ళలో శిఖరం మైనస్ 100 నుంచి ప్లస్ 50 మధ్య ఉంటే ఏ. అంతకంటే మైనస్‌లోకి జారితే సీ. శిఖరమే లేకుండా బల్లపరుపుగా ఉంటే బీ.

ఇక ట్యూబ్‌కి సంబంధం ఏమిటంటే, మధ్యచెవి లోపలి పొర అక్కడి గాలిని నెమ్మదిగా పీల్చేసుకుంటూ ఉంటుంది. మనం గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు అంగిలి దగ్గరి కండరం లాగడంతో ట్యూబ్ రెప్పపాటు తెరుచుకుని కొత్త గాలి వెళ్తుంది. మిగతా సమయమంతా అది మూసుకునే ఉండాలి (ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను). తెరుచుకోకపోతే లోపల ఒత్తిడి తగ్గుతూ వచ్చి సీ అవుతుంది. కాబట్టి సీ అంటే ‘ట్యూబ్ పాడైంది’ అని రాసి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. ‘ఈ నిమిషంలో లోపల ఒత్తిడి తక్కువగా ఉంది’, అంతే. అది ఎందుకు తగ్గిందో గ్రాఫు చెప్పదు.

పాపాయివాళ్ళమ్మ | సోమవారం, మధ్యాహ్నం 3:15

శ్రుతిలయ గారూ, ఇంత వివరంగా మాకు ఎవరూ చెప్పలేదండీ. మా పాపకి నాలుగేళ్ళు. టీవీ సౌండ్ పెంచమని గొడవ, పిలిస్తే పలకదు. రెండు చెవులూ బీ వచ్చాయి. మూడు నెలలు ఆగి చూద్దాం, చాలామంది పిల్లల్లో కర్ణభేరి వెనక చేరిన నీరు దానంతటదే పోతుంది అన్నారు. పోలేదు. వినికిడి తగ్గిందని రెండో ఆడియోగ్రామ్‌లో కూడా తేలాక అడినాయిడ్స్ (ముక్కు వెనకాల పెరిగే కండ) తీసి, గ్రోమెట్లు (కర్ణభేరిలో అమర్చే చిన్న గొట్టాలు) పెట్టారు.

అసలు సంగతి ఇది. ఆపరేషన్ తర్వాత చెకప్‌లో మళ్ళీ బీ! ఆ కాగితం పట్టుకుని కారిడార్‌లో కూర్చుని ఏడ్చేశాను. ఇంత చేసీ మళ్ళీ నీరు చేరిందనుకున్నాను. లోపలికి పిలిచి, ఆ అక్షరం కాదమ్మా, కింద ఈ అంకె చూడండి అని వేలు పెట్టి చూపించారు. ముందు వాల్యూమ్ 0.6 ఉండేది, ఇప్పుడు 2.9. గ్రోమెట్ తెరుచుకుని ఉంది కాబట్టి యంత్రం మధ్యచెవిని కూడా కలిపి కొలుస్తోందట. అంటే ఆ బీ మంచి బీ!

శ్రుతిలయ | సోమవారం, రాత్రి 8:50

సరిగ్గా చెప్పారమ్మా. వాల్యూమ్ చూడకుండా బీని చదవకూడదు. మామూలు వాల్యూమ్‌తో బీ అయితే కర్ణభేరి వెనక నీరు ఉండొచ్చు. వాల్యూమ్ చాలా ఎక్కువుంటే కర్ణభేరికి చిల్లు ఉండాలి, లేదా పనిచేస్తున్న గ్రోమెట్. మరీ తక్కువుంటే గుబిలి అడ్డుపడింది, లేదా ప్రోబ్ కొన కెనాల్ గోడకి ఆనింది. ఈ చివరిది మా తప్పే, మళ్ళీ పెట్టి చేయాలి. అందుకే టెస్టుకి ముందు ఆటోస్కోప్‌తో చెవి చూడటం తప్పనిసరి.

ఆరు నెలల లోపు పిల్లలకైతే 226 బదులు 1000 హెర్ట్జ్ వాడతాం. వాళ్ళ చెవి గోడలు మెత్తగా ఉంటాయి. 226తో చేస్తే నీరు ఉన్నా ‘ఏ’లా కనిపించి మోసం చేస్తుంది.

నీటిచేప | సోమవారం, రాత్రి 10:22

మబ్బుల్లోమనిషి గారి బాధ నాకు తెలుసు. నేను స్కూబా డైవింగ్ నేర్పిస్తాను. ఒడ్డున నూటికి నూరు పాళ్ళూ ‘ఏ’ ఉన్నవాళ్ళు, రెండు మీటర్లు దిగగానే చెవి పట్టుకుని పైకొచ్చేస్తారు.

లెక్క చూడండి. ఒక మీటరు నీటి లోతుకి ఒత్తిడి సుమారు 980 డెకాపాస్కల్స్ పెరుగుతుంది. ప్లస్ 200 నుంచి మైనస్ 400 దాకా పరికరం తిరిగే దూరం మొత్తం 600. అంటే అర మీటరు పైచిలుకు నీళ్ళంత. బకెట్లో ఈత కొట్టించి సముద్రంలో దూకమన్నట్టు ఉంటుంది.

మబ్బుల్లోమనిషి | సోమవారం, రాత్రి 10:41

ఆ బకెట్ మాట మా డాక్టరు గారికి వినిపించాలి 😀 మరి విమానం లెక్క?

నీటిచేప | సోమవారం, రాత్రి 10:58

ఎత్తులో క్యాబిన్‌లో ఉండేది సుమారు 1800 నుంచి 2400 మీటర్ల కొండ మీది గాలి. 2400 నుంచి నేలకి దిగేసరికి తేడా దాదాపు 2600 డెకాపాస్కల్స్. దాన్ని మీ ట్యూబ్ అరగంటలోపు సర్దాలి. ఎక్కేటప్పుడు లోపలి గాలే తోసుకుని బయటికి వస్తుంది, కష్టం లేదు. దిగేటప్పుడు బయటి గాలిని లోపలికి రప్పించాలి. దిగడం మొదలవగానే, చెవి బిగుసుకోకముందే, గుటకలు వేస్తూ ఉండండి. బిగుసుకున్నాక ముక్కు మూసి బలంగా ఊదితే చెవి దెబ్బతింటుంది. జలుబు పట్టి ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోవడం ఉత్తమం. మా దగ్గరైతే జలుబుతో వచ్చినవాళ్ళని నీళ్ళలోకే దింపం.

తర్కంగురూ | మంగళవారం, ఉదయం 6:55

అంటే ‘ఏ’ వచ్చినంత మాత్రాన ట్యూబ్ బాగున్నట్టు కాదు, ‘సీ’ వచ్చినంత మాత్రాన పాడైనట్టూ కాదు. మరి ఈ టెస్టు ఎందుకు? ఏడు ప్రశ్నల జాబితా ఒకటి ఉందని చదివాను. ఒక్కో ప్రశ్నకి 1 నుంచి 7 మార్కులు, మొత్తం 14.5 దాటితే ట్యూబ్ సమస్య అని. అది చాలదా?

శ్రుతిలయ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఆ జాబితా బాధ ఎంతుందో కొలవడానికి బాగుంటుంది. బాధ ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పలేదు. దవడ కీలు నొప్పి ఉన్నవాళ్ళు, మెనియర్స్ (లోపలి చెవి జబ్బు) ఉన్నవాళ్ళు కూడా అందులో ఎక్కువ మార్కులే తెచ్చుకుంటారు. ‘చెవి దిబ్బడ’ అనే మాట అంత విశాలం.

టింపనోమెట్రీ ఎందుకంటే, మామూలు పరికరంతోనే ఇంకో మెట్టు పైకెళ్ళొచ్చు. ఒకసారి గ్రాఫు తీస్తాం. ముక్కు మూసుకుని మెల్లగా ఊదమంటాం (వల్సాల్వా), మళ్ళీ గ్రాఫు. ముక్కు మూసుకుని గుటక వేయమంటాం (టోయిన్బీ), మళ్ళీ గ్రాఫు. శిఖరం అటూ ఇటూ జరిగితే ట్యూబ్ తెరుచుకుంటున్నట్టు. ఏం చేసినా కదలకుండా మొండికేస్తే అనుమానించాలి. అయితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా కొందరికి ఇవి చేతకావు. కాబట్టి కదిలితే అది గట్టి సాక్ష్యం, కదలకపోతే అంత గట్టిది కాదు.

కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళకైతే సూటిగానే తెలుస్తుంది. ప్రోబ్ నుంచి గాలి మధ్యచెవిలోకి పంపి, ఏ ఒత్తిడి దగ్గర ట్యూబ్ తెరుచుకుందో, గుటకకి ఎంత తగ్గిందో తెరమీదే చూడొచ్చు. ట్యూబోమానోమెట్రీ అని ఇంకొకటుంది. ముక్కులోకి 30, 40, 50 మిల్లీబార్ల ఒత్తిడితో గాలి పంపుతూ గుటక వేయిస్తారు, ఆ గాలి చెవి దాకా చేరిందా లేదా అని చెవిలో కొలుస్తారు. అన్నిచోట్లా దొరకదు.

ఇప్పుడు జోరీగ గారూ, మీ సంగతికి వస్తాను. నిన్న మీ పోస్టులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నాలుగు ప్రశ్నలు అడుగుతాను.
పడుకుంటే, లేదా తల మోకాళ్ళ మధ్యకి వంచితే ఎలా ఉంటుంది?
మీ ఊపిరి శబ్దం ఆ చెవిలో వినపడుతుందా?
ఈమధ్య బరువు తగ్గారా?
మొదటి టెస్టుకి ముందు, వెయిటింగ్ హాల్లో కూర్చున్నప్పుడు, ముక్కు ఎగబీల్చారా?

చెవిలోజోరీగ | మంగళవారం, సాయంత్రం 6:30

మేడమ్, మీరు నన్నెక్కడైనా చూశారా? భయమేస్తోంది!

పడుకుంటే నిమిషంలో పోతుంది. అందుకే రాత్రి నిద్రకి ఏ ఇబ్బందీ లేదు. ఊపిరి వినపడుతుంది, మెట్లెక్కినప్పుడు మరీను, ఎవరో పక్కన నిలబడి గాలి పీలుస్తున్నట్టు. చెబితే పిచ్చి అనుకుంటారని ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. బరువు ఐదు నెలల్లో 11 కిలోలు తగ్గాను. కావాలనే, పరుగు మొదలుపెట్టి. ఇక ఎగబీల్చడం... రోజుకి వందసార్లు చేస్తానేమో. మా ఆవిడ జలుబా అని అడగడం కూడా మానేసింది. మొదటి టెస్టు రోజున కచ్చితంగా చేసి ఉంటాను. రెండోసారి అప్పుడు డాక్టర్‌తో మాట్లాడుతూ లోపలికి వెళ్ళాను, చేసిన గుర్తు లేదు.

శ్రుతిలయ | మంగళవారం, రాత్రి 9:15

ట్యూబ్ మామూలుగా మూసుకునే ఉండాలని నిన్న చెప్పాను కదా. మీది మూసుకోవట్లేదేమో అని నా అనుమానం. దీన్ని పాట్యులస్ అంటారు, అంటే తెరుచుకుపోయిన ట్యూబ్. ట్యూబ్ చుట్టూ ఉండే కొవ్వు దాన్ని దగ్గరగా నొక్కి ఉంచుతుంది. బరువు గబగబా తగ్గితే ఆ మెత్త పలచబడుతుంది. అప్పుడు గొంతు, ఊపిరి సరాసరి చెవిలోకి వెళ్ళి మోగుతాయి. పడుకుంటే అక్కడ రక్తనాళాలు ఉబ్బి దారి మూసుకుంటుంది, హాయిగా ఉంటుంది.

మీరు ముక్కు ఎగబీల్చినప్పుడు చెవిలోని గాలిని లాగేస్తున్నారు. ఆ లాగుడుకి ట్యూబ్ అతుక్కుని మూసుకుంటుంది, మోత ఆగుతుంది. లోపల ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు టెస్టు చేస్తే ఏమొస్తుంది? సీ! అంటే మీ సీ మూసుకుపోయిన ట్యూబ్‌ది కాకపోవచ్చు, తెరుచుకుపోయినదాన్ని మీరే మూసుకుంటే వచ్చినది కావచ్చు. గ్రాఫు రెండింటికీ ఒకటే, మందు మాత్రం పూర్తిగా తలకిందులు. దిబ్బడ మాత్రలు ఆ చోట వాపుని ఇంకా తగ్గించి దారిని మరింత తెరుస్తాయి. మీకు ఎక్కువైంది అందుకే అయి ఉండొచ్చు.

ఇదంతా తెర వెనక నుంచి నా ఊహ. చూడకుండా తేల్చకూడదు. మీ ఈఎన్‌టీ డాక్టర్‌కి ఈ నాలుగు జవాబులూ చెప్పి, ఊపిరితో పాటు టింపనోగ్రామ్ తీయమనండి. ఒత్తిడిని మార్చకుండా ఒకచోట ఉంచి, మీరు ఊపిరి తీస్తుండగా కర్ణభేరి కదలికని కొన్ని సెకన్ల పాటు గీయించాలి. దానికి పరికరంలో ఉండే ‘రిఫ్లెక్స్ డికే’ అనే మోడ్ వాడతారు. కూర్చునే చేయాలి, మోత ఉన్నప్పుడే చేయాలి. అవసరమైతే ముందు మెట్లెక్కి దిగండి. ముక్కు మాత్రం ఎగబీల్చొద్దు.

వానచినుకు | బుధవారం, ఉదయం 7:48

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నిన్న పొద్దున లేచేసరికి కుడి చెవి దిబ్బడ, గుయ్ మని మోత. ఫోన్ ఆ చెవికి పెడితే మాట సరిగ్గా తెలియట్లేదు. జలుబు లేదు. ఇదీ ట్యూబేనా? నాలుగు రోజులు స్ప్రే కొట్టి చూడనా?

శ్రుతిలయ | బుధవారం, ఉదయం 7:55

వద్దు. ఈరోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళి ఆడియోగ్రామ్ చేయించుకోండి. ఈలోపు నోరు మూసుకుని ‘మ్‌మ్‌మ్’ అని కూనిరాగం తీసి, శబ్దం ఏ చెవిలో ఎక్కువ వస్తోందో చెప్పండి.

వానచినుకు | బుధవారం, ఉదయం 8:02

ఎడమ చెవిలో. బాగున్న చెవిలో.

శ్రుతిలయ | బుధవారం, ఉదయం 8:04

గుబిలి, నీరు లాంటివి అడ్డుపడితే సాధారణంగా దిబ్బడ వేసిన చెవిలోనే ఎక్కువ మోగుతుంది. బాగున్న వైపు వెళ్ళిందంటే లోపలి చెవి నరం మీద అనుమానం. ఇది ఇంట్లో చేసే చిన్న పరీక్ష, దీన్ని నమ్మి ఆగకండి. నమ్మకపోయినా ఆగకండి. బయల్దేరండి.

నిర్వాహకులు | బుధవారం, ఉదయం 9:30

పై నాలుగు సందేశాలూ అందరూ చదవాలని పిన్ చేస్తున్నాం. హఠాత్తుగా ఒక చెవి వినికిడి తగ్గితే అది అత్యవసరం. స్టెరాయిడ్ చికిత్స రెండు వారాల లోపు, ఎంత ముందైతే అంత మంచిది. ఇంకో మాట కూడా. పెద్దవాళ్ళలో ఒక్క చెవిలోనే బీ వచ్చి, నీరు వారాల తరబడి పోకపోతే, ముక్కు వెనక భాగాన్ని ఎండోస్కోప్‌తో చూపించుకోవాలి. అక్కడ గడ్డ ఏదైనా ట్యూబ్ మూతిని నొక్కుతుండవచ్చు.

వానచినుకు | బుధవారం, రాత్రి 9:10

వెళ్ళొచ్చాను. టింపనోగ్రామ్ రెండు వైపులా చక్కగా ఏ. ఆడియోగ్రామ్‌లో మాత్రం కుడి చెవి నరం వినికిడి బాగా పడిపోయింది. స్టెరాయిడ్ మొదలుపెట్టారు. నాలుగు రోజులు ఆగేదాన్నే. శ్రుతిలయ గారూ, థాంక్స్ అనే మాట సరిపోదు.

చెవిలోజోరీగ | ఆ తర్వాతి సోమవారం, సాయంత్రం 5:20

చేయించానండీ! డాక్టర్ గారు నాలుగు జవాబులూ ఓపిగ్గా విని, ‘అయితే రండి, ఆట ఆడదాం’ అన్నారు. ముందు రెండు అంతస్తుల మెట్లు ఎక్కించారు. తర్వాత ప్రోబ్ పెట్టి, నోరు మూసి, కుడి ముక్కు వేలితో నొక్కి, ఎడమ ముక్కుతోనే బలంగా ఊపిరి తీయమన్నారు. తెర మీద గీత అలల్లా లేచింది, పడింది. పీలిస్తే ఒక అల, వదిలితే ఒక అల. ఊపిరి బిగబట్టమన్నారు. గీత బల్లపరుపు. కుడి చెవికి చేస్తే అసలు కదల్లేదు.

తర్వాత మామూలు టింపనోగ్రామ్ తీశారు, మైనస్ 20. ఇప్పుడు మీ అలవాటు చొప్పున ఎగబీల్చండి అన్నారు. మళ్ళీ తీస్తే మైనస్ 210. సీ! గుటక వేయించి తీస్తే మైనస్ 25. పది నిమిషాల్లో అదే చెవిలో ఏ, సీ, ఏ చూశాను. నాలుగు నెలలు నేను కొట్లాడింది ఈ గ్రాఫుతోనా అనిపించింది.

మాత్రలు, స్ప్రే రెండూ ఆపేశారు. నీళ్ళు బాగా తాగమన్నారు, ముక్కులో సెలైన్ చుక్కలు ఇచ్చారు, రెండు మూడు కిలోలు తిరిగి పెరిగితే మంచిదే అన్నారు. మా ఆవిడ ఆ ముక్క మాత్రం పదేపదే గుర్తుచేస్తోంది. ఎగబీల్చడం తప్పకుండా మానాలట. ఏళ్ళ తరబడి అలా లాగుతుంటే కర్ణభేరి లోపలికి గుంటపడి, పెద్ద సమస్య అవుతుందన్నారు.

తర్కంగురూ | సోమవారం, సాయంత్రం 6:05

ఊపిరికి కాకుండా గుండె కొట్టుకోవడానికి అలలు వస్తే?

శ్రుతిలయ | సోమవారం, రాత్రి 8:40

మంచి ప్రశ్న. నాడితో పాటు చిన్న చిన్న అలలు వస్తే, కర్ణభేరి వెనక రక్తనాళాలకి సంబంధించింది ఏదైనా ఉందేమో చూస్తాం, స్కాన్‌కి పంపుతాం. అందుకే ఊపిరి బిగబట్టమనడం. అలలు ఆగితే ట్యూబ్, ఆగకపోతే వేరే కథ.

జోరీగ గారూ, ఎగబీల్చాలనిపించినప్పుడు తల కిందికి వంచి చూడండి, అదే హాయి వస్తుంది.

చెవిలోజోరీగ | సోమవారం, రాత్రి 9:02

మీటింగ్ మధ్యలో తల మోకాళ్ళ మధ్య పెట్టుకుంటే ఉద్యోగం ఉంటుందా మేడమ్? షూ లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తున్నాను. ఇవాళ ఒక్కరోజే ఆరుసార్లు కట్టాను.